డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారు: మన బిడ్డల ఋణము

హైదరాబాదు నగరమునకు పడమట, మాదాపురము మొదలు గచ్చిబౌలివఱకు, నేడు అద్దాల మేడలు బారులు తీరియున్నవి. 1998వ సంవత్సరమున సైబర్ టవర్స్ భవనమునకు ప్రారంభోత్సవము జరుగునాటికి అచ్చట రాతిగుట్టలును బీడునేలలునే మిక్కుటముగ నుండెను. నేడా ప్రదేశము హైటెక్ సిటీ యనియు, సైబరాబాదనియు ప్రసిద్ధిగాంచి లక్షలకొలది యువజనులకు జీవనాధారమైనది. అచ్చటి యువకునకు అమెరికా ప్రయాణము పొరుగు తాలూకా ప్రయాణమువలె నైనది. అయితే ఆ మేడలకు ఇసుకయు ఇటుకలును మోయు కూలీల గుడిసెలు కూడ ఆ మేడల నీడనే యున్నవి. ఆ కూలీల బిడ్డలలో బడికి పోగలిగినవారి చేతికి వారమున కొకమాఱు ఒక చిన్న నీలిరంగు మాత్ర వచ్చును. పదియేండ్లు దాటిన బాలబాలికలకు సర్కారు బడులలో ఈ మాత్ర నిచ్చు పద్ధతి 2013 నుండి దేశమున అమలులోనికి వచ్చినది. అందు ఇనుముతోపాటు ఫోలిక్ ఆమ్లమను విటమిను గలదు. ఆ విటమినును ప్రయోగశాలలో కృత్రిమముగ నిర్మించి లోకమున కిచ్చిన శాస్త్రజ్ఞుల బృందమునకు నాయకుడు మన భీమవరమున పుట్టిన తెలుగువాడు. ఆయనయు ఒకనాడు అమెరికాకు పోయినవాడే. ఆ మాత్ర మ్రింగు బిడ్డకు గాని, ఆ మేడలలో పనిచేయు యువకునకు గాని ఈ సంగతి చెప్పువారు అరుదు.

డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారి పేరు తెలుగునాట వినబడకపోలేదు. 1995లో వారి శతజయంతికి భారత ప్రభుత్వము తపాలాబిళ్లను కూడ వెలువరించినది. కాని పేరు వినుట వేఱు, ఆ జీవితము చెప్పు పాఠమును గ్రహించుట వేఱు. బిడ్డల ఆరోగ్యమును, బిడ్డల చదువును రెండు శాఖలుగ విభజించి, ఒకదానికి ఆసుపత్రిని, మఱియొకదానికి బడిని కట్టి, ఈ రెంటికిని నడుమ నున్న పరిశోధనను మఱచుట మనకు అలవాటైనది. ఆ మఱపు ఎంత ప్రమాదకరమో సుబ్బారావుగారి చరిత్రవలె తెలుపునది వేఱొకటి లేదని మా నమ్మకము.

వారు 1895 జనవరి 12వ తేదీన జన్మించిరి. తండ్రి జగన్నాథముగారు రెవిన్యూ శాఖలో చిన్న యుద్యోగి; తల్లి వెంకమ్మగారు. ఇంట పిల్లలు పలువురు, రాబడి స్వల్పము. ఆ బాలునకు మొదట చదువుపై మనసు నిలువలేదు. పదుమూడేండ్ల ప్రాయమున ఇల్లు విడిచి కాశికి బయలుదేరి, అచ్చటి యాత్రికులకు అరటిపండ్లమ్మి ధనవంతుడు కావలెనని తలపోయగా, తల్లి పట్టి తెచ్చి మరల బడిలో కూర్చుండబెట్టెనని వారి చరిత్ర వ్రాసినవారు చెప్పుదురు. మెట్రిక్యులేషను పరీక్షలో వారు రెండుమాఱులు తప్పిరి. 1913లో తండ్రి గతించెను. మూడవమాఱు మదరాసు తిరువళ్లిక్కేణిలోని హిందూ హైస్కూలునుండి పరీక్షకు పోయి కృతార్థులైరి. ఆ చదువునకై తల్లి తన నగలనమ్మినదని ప్రతీతి. రెండుమాఱులు తప్పిన పిల్లవానిని మందబుద్ధి యని త్రోసివేయు తలిదండ్రులును, ఉపాధ్యాయులును ఈ ఒక్క ఘట్టమును స్మరింతురేని చాలును. వ్యాధియు లేమియు నిండిన ఇంటినుండి వచ్చిన బిడ్డ తప్పినప్పుడు తప్పు బిడ్డది మాత్రమే కాదు.

మదరాసు ప్రెసిడెన్సీ కళాశాలలో చదువుచుండగా సుబ్బారావుగారికి వైరాగ్యము పొడమెను. రామకృష్ణ మఠమున చేరి సన్యసింపవలెనని కోరిరి. తల్లి సమ్మతింపలేదు. సేవయే కోరిక యైనచో వైద్యవిద్య నేర్చి సేవ చేయుమని మఠమువారే హితవు చెప్పిరి. అట్లు మదరాసు వైద్యకళాశాలలో చేరిరి. 1919లో కస్తూరి సూర్యనారాయణమూర్తిగారి కుమార్తె శేషగిరిగారిని వివాహమాడిరి. అటుపై చదువునకు మామగారి ద్రవ్యమే అండయైనది. అది గాంధీమహాత్ముని పిలుపు దేశమంతట మ్రోగుచున్న సమయము. విదేశవస్త్రమును విడిచిన ఈ విద్యార్థి శస్త్రచికిత్స గదిలో సైతము ఖద్దరు దుస్తులు ధరించుటతో, ఆంగ్లేయుడగు ఆచార్యునకు కోపము వచ్చినది. దాని ఫలముగ వారికి దక్కవలసిన ఎం.బి.బి.ఎస్. పట్టము దక్కక, అంతకు తక్కువదగు ఎల్.ఎం.ఎస్. పట్టము మాత్రమే లభించెను. తక్కిన పత్రములలో వారు తక్కువవారు కారు. ఖద్దరు చొక్కా వెల ఒక పట్టమని ఆనాడు తేలినది. ఆ వెల నిచ్చుటకు వారు వెనుదీయలేదు.

అంతకంటె ఘోరమైన దెబ్బ ఇంటిలోనే తగిలినది. వారి సోదరులు పురుషోత్తము, కృష్ణమూర్తి అనువా రిరువురును స్ప్రూ అను గ్రహణివ్యాధిచే ఎనిమిది దినముల వ్యవధిలో ఒకరి వెనుక నొకరు మరణించిరి. ఇరువురును పడుచువారు. తిన్న అన్నము ఒంటబట్టక, నెత్తురు విఱిగి, మనిషి క్రమముగ ఎండిపోవు ఆ వ్యాధికి కారణమేమో ఆనాటి వైద్యశాస్త్ర మెఱుగదు. మందు అసలే లేదు. వైద్యము చదువుకొన్న అన్నదమ్ముడు ప్రక్కనుండియు చేయగలిగినది లేకపోయెను. చేతిలో నున్న విద్య చాలదని, తెలియనిదానిని కనుగొను విద్య కావలెనని వారికి తోచుటకు ఇంతకంటె కారణము వేఱుగ వెదుకనక్కఱలేదు.

ప్రభుత్వ వైద్యోద్యోగము వారికి దొరకలేదు. ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలో ఉపన్యాసకులై, మన ప్రాచీన ఔషధములను నవీన పద్ధతులచే పరీక్షింపవలెనని యత్నించిరి. పరికరములు లేవు, ధనము లేదు. హార్వర్డు విశ్వవిద్యాలయమునకు పోయి ఉష్ణదేశవ్యాధుల శాస్త్రమును చదువవలెనను సంకల్పము కలిగినది. ఆ సంకల్పమును నిలువబెట్టినవారు ప్రభుత్వమువారు కారు, విశ్వవిద్యాలయములును కావు. కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థవారు సాయము చేయుదుమని మాట యిచ్చిరి. మామగారు కొంత ద్రవ్యము సమకూర్చిరి. ఒక వర్తకుడు మరణానంతరము ధర్మమునకు విడిచిన ఆస్తియు, ఒక గృహస్థు కూడబెట్టిన సొమ్మును కలిసి ఒక తెలుగు విద్యార్థిని ఓడ యెక్కించినవి. ఈ విషయమును మా పాఠకులు, ముఖ్యముగ పొలముపుట్రయు, వ్యాపారమును గలవారు, మనసున నుంచుకొనవలెనని కోరుచున్నాము. దీనిని మరల ప్రస్తావింతుము.

1920వ దశాబ్దము తొలినాళ్లలో వారు బోస్టను నగరము చేరిరి. ఇంటివద్ద గర్భవతియగు భార్యను విడిచి పోయిరి. తరువాత పుట్టిన కుమారుడు పసితనముననే మరణించెను. తండ్రి ఆ బిడ్డను కన్నులార చూడనే లేదు. వారు మరల స్వదేశమునకు రాలేదు. ఈ లోటును కప్పిపుచ్చుట మా యభిమతము కాదు. లోకములోని బిడ్డలకు మందు వెదకిన ఆ మహనీయుని చరిత్రలో ఇంటివద్ద ఎదురుచూచిన ఇల్లాలి దుఃఖము కూడ నొక యధ్యాయము. ఆమె చేసిన త్యాగమునకు బిరుదులు లేవు, తపాలాబిళ్లలు లేవు.

బోస్టనులో వేతనములేని చదువు కడుపు నింపదు. ఒక ఆసుపత్రిలో రాత్రివేళ రోగుల మలమూత్ర పాత్రలను తీసి కడుగు పనికి కుదిరి, పగలు చదివిరి. ఉష్ణదేశవ్యాధుల పట్టము పొందినపిదప హార్వర్డు జీవరసాయన శాఖలో సైరస్ ఫిస్కు అను ఆచార్యునితో కలిసి పనికి పూనుకొనిరి. శరీరద్రవములలో భాస్వర మెంత గలదో, రసాయనము కలుపగా పుట్టు నీలివర్ణపు గాఢతనుబట్టి లెక్కించు సులభ పద్ధతిని 1925లో వారిరువురును ప్రకటించిరి. ఎముకలు మెత్తబడి కాళ్లు వంగిపోవు రికెట్సు వ్యాధిగల బిడ్డల నెత్తురులో భాస్వరము తగ్గియుండును గనుక, ఈ పద్ధతి వైద్యులకు మిక్కిలి యక్కఱకు వచ్చినది. ఫిస్కు-సుబ్బారావు పద్ధతి యను పేర ప్రపంచమందలి ప్రయోగశాలలు దానిని దశాబ్దములకొలది వాడినవి. ఆ పనిలోనే 1927లో కండరములయందలి ఫాస్ఫోక్రియాటినును, 1929లో ఏ.టి.పి. అను పదార్థమును వారు వెలువరించిరి. రెండవదానిని అదే యేట జర్మనీలో లోమన్ అను శాస్త్రజ్ఞుడు కూడ స్వతంత్రముగ కనుగొనెను. జీవకణములు తమ పని జరుపుకొనుటకు ఖర్చుపెట్టు శక్తినాణెము ఈ ఏ.టి.పి.యే. పిల్లవాడు పరుగెత్తినను, పద్యము వల్లించినను ఈ నాణెమే చెల్లుబడి యగుచుండును. 1930లో హార్వర్డువారు సుబ్బారావుగారికి డాక్టరేటు పట్ట మిచ్చిరి. స్థిరమైన ఆచార్యపదవి మాత్రము ఈయలేదు.

1940లో వారు న్యూయార్కు రాష్ట్రమున పెర్ల్ రివర్ అను ఊర నున్న లెడర్లీ ప్రయోగశాలలకు మారిరి. కొలదికాలమునకే అచ్చటి పరిశోధనలకు అధిపతియైరి. ఇచ్చటినుండి వారి జీవితమున చివరి ఎనిమిది సంవత్సరములును, బోదకాలు మొదలు పిల్లల రక్తపు క్యాన్సరువఱకు, లోకమునకు వరుసగ వరములైనవి.

వీనిలో మొదటిది ఫోలిక్ ఆమ్లము. దీని కథ మన దేశముననే మొదలైనది. బొంబాయి మిల్లులలో పనిచేయు గర్భిణీస్త్రీలు ఒక విధమగు తీవ్ర రక్తహీనతచే బాధపడుచుండగా, లూసీ విల్సు అను ఆంగ్లవైద్యురాలు, ఈస్టుసారము తినిపించినచో ఆ వ్యాధి తగ్గునని 1931లో నిరూపించెను. ఆ సారమున నున్న గుణకారియగు పదార్థ మేదో తెలియుటకు పెక్కేండ్లు పట్టినది. 1941లో టెక్సాసు శాస్త్రజ్ఞులు పాలకూరనుండి దానిని వేఱుచేసి, ఆకు అను అర్థము వచ్చు లాటిను మాటనుబట్టి పేరు పెట్టిరి. బండ్లకొలది ఆకుకూర నుండి గురిగింజంత పదార్థము వచ్చుచుండిన ఆ స్థితిలో, సుబ్బారావుగారి నాయకత్వమున లెడర్లీ రసాయనజ్ఞులు 1945లో దానిని కృత్రిమముగ నిర్మించి, కావలసినంత తయారు చేయు మార్గమును చూపిరి. ఇది ఏకవీరుని విజయము కాదు. పదుల సంఖ్యలో రసాయనజ్ఞులును వైద్యులును కలిసి చేసిన పని. ఆ బృందమును కూర్చి నడిపిన బుద్ధి సుబ్బారావుగారిది. అటుపై 1991లో బ్రిటిషు వైద్యపరిశోధనా మండలివారు జరిపిన గొప్ప పరీక్షలో మఱియొక గుణము తేలినది. వెన్నుపూస సరిగ మూసికొనని బిడ్డను ఒకమాఱు కన్న తల్లి, మరల గర్భము దాల్చుటకు ముందునుండియే ఫోలిక్ ఆమ్లము పుచ్చుకొనినచో, ఆ లోపము మరల కలుగుట నూటికి 70 పాళ్లకు పైగా తగ్గిపోవును.

రెండవది మఱింత విచిత్రము. రక్తపు క్యాన్సరు సోకిన చిన్నపిల్లలకు ఆనాడు వైద్యులు చేయగలిగినది ఏమియు లేకుండెను. వారములలోనో నెలలలోనో బిడ్డ చేజాఱిపోవుచుండెను. బోస్టను పిల్లల ఆసుపత్రిలోని సిడ్నీ ఫార్బరు అను వైద్యుడు, ఫోలిక్ ఆమ్లపు జాతి పదార్థములు ఆ వ్యాధిని పెంచుచున్నట్లు గమనించి, ఫోలిక్ ఆమ్లమువలెనే కనబడుచు దాని పనిని అడ్డగించు పదార్థములను కోరెను. తాళమున దూఱియు తిరుగని తాళపుచెవి యెట్టిదో అట్టివి యవి. సుబ్బారావుగారి ప్రయోగశాల వానిని తయారుచేసి పంపినది. అందొకటగు అమినోప్టెరినును 16 మంది బిడ్డలకు ఇచ్చి చూడగా 10 మందిలో వ్యాధి తగ్గుముఖము పట్టెనని ఫార్బరు 1948 జూనులో ప్రకటించెను. ఆ మేలు తాత్కాలికమే; వ్యాధి మరల తిరుగబెట్టినది. అయినను ఆ క్యాన్సరును మందుతో లొంగదీయవచ్చునని లోకమునకు మొదట తెలిసినది ఆనాడే. ఆ జాతిదే యగు మెథోట్రెక్సేటు నేటికిని పిల్లల రక్తపు క్యాన్సరు చికిత్సలో ముఖ్యమైన ఔషధము. నేడు మంచి చికిత్స దొరకిన దేశములలో ఇట్టి బిడ్డలలో అత్యధికులు బ్రతికి, బడికి పోయి, పెద్దవారగుచున్నారు.

మూడవది బోదకాలు మందు. 1947లో ఆ ప్రయోగశాలనుండి వెలువడిన డై ఇథైల్ కార్బమజీను, గోదావరి తీరవాసుల కెల్లరకు చిరపరిచితమైన ఆ వ్యాధిని పుట్టించు పురుగులను నశింపజేయును. 2004 నుండి మన దేశమున వ్యాధిగల జిల్లాలలో రెండేండ్లు దాటిన బిడ్డలు మొదలు అందఱకును యేటేట పంచుచున్న మాత్రలలో ఇది ముఖ్యము. నాలుగవది ఆరియోమైసిను, డగ్గరు అను వృద్ధశాస్త్రజ్ఞుడు లెడర్లీలో మన్నునందలి సూక్ష్మజీవినుండి దీనిని కనుగొనగా, 1948లో లోకమునకు ప్రకటింపబడెను. టెట్రాసైక్లిను వర్గపు మందులకెల్ల ఇది మొదటిది. ఇచ్చట పాఠకులు ఒక్క నిమిషము నిలువవలెను. సుబ్బారావుగారి సోదరుల నిరువురను మ్రింగిన స్ప్రూ వ్యాధికి నేడు వైద్యులిచ్చు మందులు రెండు: ఫోలిక్ ఆమ్లము, టెట్రాసైక్లిను. రెండును ఆ ప్రయోగశాలనుండి వచ్చినవే. సోదరుల కక్కఱకు రాని మందు పరుల సోదరులకు అందినది.

1948 ఆగస్టులో, ఏబదిమూడవయేట, నిద్రలోనే వారి ప్రాణము పోయినది. దేశమునకు స్వాతంత్ర్యము వచ్చి అప్పటికి ఇంచుమించు ఒక సంవత్సరము. అమెరికాలో పాతికేండ్ల కాల ముండియు వారు ఆ దేశపు పౌరసత్వమును పూర్తిగ స్వీకరింపలేదు, భారతీయులుగనే గతించిరి. నోబెలు బహుమాన మేల రాలేదని వగచువారితో మేము చేరము. వగపువలన బిడ్డలకు ఒఱగునది లేదు. వారి పనిని మన గడ్డపై మన మెంత ముందుకు కొనిపోతిమన్నదే ప్రశ్న.

ఈ ప్రశ్నకు సమాధానము హైదరాబాదుననే కొంత గలదు. 1918లో కూనూరునందు ఒక గదిలో బెరిబెరి వ్యాధి విచారణకై మొదలైన సంస్థ 1958లో హైదరాబాదునకు తరలివచ్చి, 1969 నుండి జాతీయ పోషకాహార సంస్థ యను పేర విలసిల్లుచున్నది. 1987 మొదలు 1990 వఱకు నగరసమీపమునందలి 29 గ్రామములలో ఆ సంస్థవారొక పరిశోధన జరిపిరి. 15 గ్రామములలో గర్భిణులకును, బాలెంతలకును, ఆఱేండ్లలోపు బిడ్డలకును అదనపు ఆహార మందినది. తక్కిన 14 గ్రామముల కింకను ఆ పథకము రాలేదు. పదునైదేండ్ల పిదప, 2003-05లో, ఆ బిడ్డలను వెదకి 1,165 మందిని పరీక్షించిరి. ఆహార మందిన గ్రామముల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు ఎక్కువ పొడవుగ నుండిరి. రక్తనాళముల బిరుసును, చక్కెరవ్యాధికి దారితీయు లక్షణములును వారియందు తక్కువగ నుండెను. మఱి కొన్నేండ్లకు, వారు ఇరువదియేండ్లు దాటిన యువజనులైనప్పుడు చూడగా, ఉన్నత పాఠశాల చదువును, కళాశాల చదువును పూర్తిచేసినవారు ఆ గ్రామములయందే ఎక్కువని తేలినది. తల్లికడుపున నున్ననాడు అందిన గుప్పెడు పిండి ఇరువదియేండ్లకు పట్టమై కనబడినది. ఆరోగ్యమును చదువును వేఱు కావని ఇంతకంటె స్పష్టముగ చెప్పు సాక్ష్యము మఱియొకటి మాకు కానరాదు.

ఇంత తెలిసియు మనము చేసిన దేమి? 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, ఐదేండ్లలోపు బిడ్డలలో రక్తహీనులు తెలంగాణమున నూటికి 70 మంది, ఆంధ్రప్రదేశమున 63 మంది యని తేలినది. మఱియొక ప్రక్క, గచ్చిబౌలియందలి హైదరాబాదు విశ్వవిద్యాలయ పరిశోధకులు నగరమందలి సమాచార సాంకేతికోద్యోగులు 345 మందిని పరీక్షించి 2025లో ప్రకటించిన ఫలితములలో, నూటికి 84 మంది కాలేయమున క్రొవ్వు పేరుకొన్నట్లు కనబడినది. గుడిసెలో బిడ్డకు నెత్తురు చాలదు. మేడలో యువకునకు క్రొవ్వు మిక్కిలి. ఒకే వీధికి రెండు ప్రక్కల నున్న ఈ రెండు రోగములకును మందు ఒక్కటే. బిడ్డను తల్లిగర్భమునుండి యౌవనమువఱకు ఓపికతో వెంబడించి, ఏమి తినెను, ఏమి చదివెను, ఎట్లు పెరిగెను అని లెక్కగట్టు పరిశోధన కావలెను. అట్టి పరిశోధనకు ఒక యేటితో ఫలము రాదు, ఇరువదియేండ్లు పట్టును. ఎన్నికల గడువు ఐదేండ్లు గనుక ప్రభుత్వములు దానిని కన్నెత్తి చూచుట యరుదు.

కనుకనే కాకినాడ ధర్మసంస్థను మరల జ్ఞప్తి చేయుచున్నాము. తగిన లాభములు గల కంపెనీలు తమ సగటు లాభములో నూటికి 2 వంతులు లోకహితమునకు వెచ్చింపవలెనని 2013 నాటి కంపెనీల చట్టము విధించినది. సైబరాబాదు కంపెనీలు ఆ సొమ్ములో కొంత బడిగోడలకు రంగులు వేయుటనుండి మరల్చి, తమ గోడ ప్రక్కనే పెరుగుచున్న కూలీల బిడ్డల ఆరోగ్యవిద్యల పరిశోధనకు ఇరువదియేండ్ల గడువుతో శాశ్వతనిధిగ నేర్పరుపవచ్చును. గ్రామమున పదియెకరములు గల రైతు, తన ఊరి బడిలో వారపు మాత్ర పిల్లలకు నిజముగ అందుచున్నదో లేదో అడుగవచ్చును. రెండుమాఱులు పరీక్ష తప్పిన ఒక పేదబిడ్డకు మూడవమాఱు ఫీజు కట్టవచ్చును. పట్టణవాసి తన పూర్వుల పేర అన్నసత్రమునకు బదులు ఒక పరిశోధకవిద్యార్థికి భృతి నేర్పరుపవచ్చును. అన్నసత్రము ఒకపూట ఆకలి తీర్చును. పరిశోధన తరతరముల ఆకలికి కారణమును వెదకును.

సుబ్బారావుగారు ఒక వర్తకుని ధర్మమునకును, ఒక మామగారి నమ్మకమునకును, ఒక తల్లి నగలకును ఋణపడి ఓడ యెక్కిరి. ఆ ఋణమును వడ్డీతో సహా లోకమునకు చెల్లించిరి. వారికి మనము పడిన ఋణ మింకను ఖాతాలో నిలిచియే యున్నది. దానిని చెల్లించు చోటు విగ్రహముల పీఠము కాదు. మన యూరి బడి, అందు చేయి చాచి నీలిమాత్రకై నిలిచిన బిడ్డ.